తెర మీద కుంకుమ రంగు... కాగితం మీద ఇటుక రంగు!

ఫోనులో చూసి ‘సరే’ అంటే చిక్కే. ప్రూఫు కాగితం మీద చూశాకే అచ్చుకు ఇవ్వాలి

పెళ్లి పనుల్లో ముందుగా తెమలాల్సిన వాటిలో శుభలేఖ ఒకటి. నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, ఆ తరువాతే చుట్టపక్కాలకు పంచుతారు. అలాంటి శుభలేఖల కట్ట ప్రెస్సు నుంచి వచ్చాక విప్పి చూస్తే ఒక్కోసారి ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమంటుంది. ఫోనులో ధగధగలాడిన కుంకుమ రంగు కాగితం మీద ఇటుక రంగుగా ఉంటుంది. నెమలికంఠం నీలం ఊదా రంగులోకి దిగిపోతుంది. చిలకపచ్చ తోరణం పాచి పట్టినట్టు కనిపిస్తుంది. ముహూర్తం చూస్తే పది రోజులే. మళ్లీ అచ్చు వేయిద్దామంటే డబ్బూ లేదు, వ్యవధీ లేదు.

ఇక అక్కడి నుంచి రభస మొదలవుతుంది. ‘మాకు ఫోనులో చూపించిన రంగు ఇది కాదు’ అంటారు పెళ్లివారు. ‘ఫోనులో చూసి సరేనన్నది మీరే కదండీ’ అంటాడు డి.టి.పి. సెంటరు కుర్రాడు. ‘ఫైలులో ఏది ఉందో అదే అచ్చు వేశాం’ అంటారు ప్రెస్సువారు. ఎవరూ డబ్బు వెనక్కి ఇవ్వరు. చివరికి నష్టం పెళ్లివారి నెత్తినో, డి.టి.పి. సెంటరు నెత్తినో పడుతుంది.

విచిత్రం ఏమిటంటే ముగ్గురి మాటా నిజమే. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తెర మీద రంగు పుట్టే తీరు వేరు, కాగితం మీద రంగు పుట్టే తీరు వేరు. ఆ తేడా తెలియకపోవడం వల్లనే మండల కేంద్రాల్లో ఇలాంటి తగాదాలు వస్తున్నాయి. శుభలేఖలే కాదు, కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, పచ్చళ్ల సీసాల లేబుళ్లు, జాతర ఫ్లెక్సీలు - అన్నింటిదీ ఇదే వరస.

వెలుగు వేరు, సిరా వేరు

ఫోను, టీవీ, కంప్యూటరు తెరలు వెలుగుతో రంగులు చేస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల చిన్న చిన్న చుక్కలు తెర నిండా ఉంటాయి. ఈ పద్ధతిని ఆ మూడు రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో ఆర్.జి.బి. అంటారు. ఒక్కొక్క వెలుగును సున్నా నుంచి 255 వరకు 256 మెట్లుగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. మూడింటినీ కలిపి లెక్క కడితే కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు వస్తాయి. మూడు వెలుగులూ పూర్తిగా వెలిగితే తెలుపు, మూడూ ఆరిపోతే నలుపు.

అచ్చులో లెక్క తలకిందులు. కాగితానికి సొంత వెలుగు లేదు. దాని మీద పడిన వెలుతురులో కొంత సిరా మింగేస్తుంది, మిగిలినది మన కంటికి చేరుతుంది. సిరా పెరిగేకొద్దీ రంగు ముదురుతుందే కాని మెరుపు పెరగదు. అందువల్ల తెర మీద నిప్పులా మండే నారింజ రంగును, మెరిసే చిలకపచ్చను ఎంత మంచి ప్రెస్సయినా మామూలు సిరాలతో కాగితం మీదకు తేలేదు. అది ప్రెస్సువారి అలసత్వం కాదు, సిరా స్వభావం.

దీపం ఎదురుగా చూడటానికీ, దీపం వెలుగులో గోడను చూడటానికీ ఉన్నంత తేడా ఇది.

నాలుగు సిరాలే ఆధారం

రంగుల అచ్చుకు సాధారణంగా నాలుగు సిరాలు వాడతారు. అవి సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు. దీన్నే ప్రెస్సుల్లో సి.ఎం.వై.కె. అంటారు. మొదటి మూడు రంగులూ కలిస్తే నలుపు రావాలి. కాని అచ్చు సిరాలు కలిస్తే బురద గోధుమ రంగే వస్తుంది. అందుకే నలుపును వేరుగా వేస్తారు.

ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు తయారవుతుంది. ఆఫ్‌సెట్ మెషీనులో కాగితం నాలుగు ప్లేట్ల సిరాలూ అందుకుని బయటికి వస్తుంది. లేత రంగు కావాలంటే సిరాను పలచన చేయరు, చుక్క సైజు తగ్గిస్తారు. దినపత్రికలోని రంగుల బొమ్మను భూతద్దం పెట్టి చూస్తే ఈ నాలుగు రంగుల చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. దూరం నుంచి చూసినప్పుడు అవన్నీ కలిసిపోయి ఒకే రంగుగా తోస్తాయి.

డిజైను వేసేటప్పుడు రంగును శాతాల లెక్కలో చెప్పాలంటారు ఈ పని తెలిసినవారు. కుంకుమ ఎరుపుకు మెజెంటా 100, పసుపు 100. పసుపుకొమ్ము రంగుకు పసుపు 100, మెజెంటా 15 నుంచి 20. నారింజకు పసుపు 100, మెజెంటా 50 నుంచి 60. ఆకుపచ్చకు సయాన్ 80 పైన, పసుపు 100. ‘ఎర్రగా కావాలి’, ‘ఇంకాస్త డార్కుగా ఉండాలి’ అనే మాటలు ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా అర్థమవుతాయి. అంకె మాత్రం ఎవరు చదివినా ఒకటే.

ఎక్కడ తేడా వస్తుంది?

ఫోనులోని యాప్‌లలో చేసిన డిజైన్లు చాలావరకు ఆర్.జి.బి. లెక్కలోనే ఉంటాయి. కంప్యూటరులో కోరల్‌డ్రా, ఫోటోషాప్ వంటి వాటిలో కొత్త ఫైలు తెరిచేటప్పుడే ఆర్.జి.బి. కావాలా, సి.ఎం.వై.కె. కావాలా అని ఎంచుకునే వీలుంది. తొందరలో దాన్ని చూసుకోకుండా పని మొదలుపెడితే ఫైలు ఆర్.జి.బి.లోనే ఉండిపోతుంది. ప్రెస్సులో ప్లేట్లు తీసే దగ్గర దాన్ని నాలుగు సిరాల లెక్కలోకి మార్చక తప్పదు. ఆ మార్పు ఎవరి కళ్ల ముందూ జరగదు. రంగు కట్టు తప్పేది అక్కడే.

కాబట్టి ఆ మార్పు ఏదో డిజైను చేసే చోటే, చేయించుకునేవారి కళ్ల ముందే జరగాలి. ఫోటోషాప్‌లో కంట్రోల్, వై మీటలు కలిపి నొక్కితే అచ్చులో రంగు సుమారుగా ఎలా ఉంటుందో తెర మీదే కనిపిస్తుంది. షిఫ్టు, కంట్రోల్, వై నొక్కితే అచ్చుకు అందని రంగులున్న చోట్లు బూడిద రంగులో పైకి తేలతాయి. పెళ్లివారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చూపిస్తే సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

ఒక్కో మెషీనుకు, ఒక్కో రకం కాగితానికి రంగు పలికే తీరు ఒక్కో విధంగా ఉంటుంది. ఆ తీరును కొలిచి రాసిన చిన్న ఫైలును ఐ.సి.సి. ప్రొఫైల్ అంటారు. ఒక విధంగా అది మెషీను జాతకం లాంటిది. 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఏర్పాటు చేసుకున్న సంస్థ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. పెద్ద ప్రెస్సులు తాము వాడే ప్రొఫైల్ ఏదో అడిగితే చెబుతాయి. దాన్ని కంప్యూటరులో పెట్టుకుని రంగులు మారిస్తే తెరకూ కాగితానికీ మధ్య దూరం చాలా తగ్గుతుంది.

చిక్కు తెచ్చే రంగులు

నీలం: అన్నింటికన్నా ఎక్కువ మోసం చేసే రంగు ఇది. తెర మీద నిండు నీలం అచ్చులో ఊదాగా మారుతుంది. సయాన్, మెజెంటా రెండూ 100 చొప్పున ఉంటే ఊదాయే గతి. మెజెంటాను సయాన్ కన్నా కనీసం 30 పాయింట్లు తక్కువగా ఉంచితే నీలం నీలంగానే నిలుస్తుంది.

నలుపు అక్షరాలు: అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే 100 ఉండాలి. ఆర్.జి.బి. ఫైలులోని నలుపును మార్చినప్పుడు అది నాలుగు సిరాల మిశ్రమంగా మారిపోతుంది. మెషీనులో నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా అక్షరం చుట్టూ రంగుల నీడలు పడతాయి. తెలుగు అక్షరాలకు తలకట్లు, గుడులు, ఒత్తులు ఎక్కువ. చిన్న సైజులో అవి పూడుకుపోయి చదవడానికే వీలుకాదు. ముహూర్తం వేళ, కల్యాణ మండపం పేరు చదవలేకపోతే శుభలేఖ ఎంత అందంగా ఉండి ఏం లాభం?

పెద్ద నల్ల పట్టీలు: ఇక్కడ లెక్క మరో విధంగా ఉంటుంది. వెడల్పాటి చోట నలుపు సిరా ఒక్కటే వేస్తే వెలిసిన బొగ్గులా కనిపిస్తుంది. దానికి సయాన్ 40, మెజెంటా 30, పసుపు 30 వరకు తోడు చేస్తే నిగనిగలాడే నలుపు వస్తుంది. అలాగని నాలుగూ 100 చొప్పున వేయకూడదు. నాలుగు శాతాలూ కలిపి ఆర్ట్ పేపరుకు 300 వరకు, దినపత్రికల కాగితానికి 240 లోపు ఉంచుతారు. మించితే సిరా ఆరదు. ఒక కాగితం సిరా పైదాని వీపుకు అంటుకుంటుంది.

బంగారు, వెండి రంగులు: నాలుగు సిరాలతో ఇవి రావు. ఎంత కలిపినా ఆవాల ముద్ద రంగో, బూడిద రంగో వస్తుంది. శుభలేఖల మీద మెరిసే బంగారు అక్షరాలకు ప్రత్యేక సిరా గాని, వేడి చేసి అద్దే రేకు గాని వాడతారు. దాని ఖర్చు వేరు. ‘ఫోనులో బంగారంలా ఉందే’ అనుకుని ఆ మాట ముందుగా అడగకపోతే తరువాత చింతించాల్సి వస్తుంది.

తెలుపు: మామూలు అచ్చులో తెల్ల సిరా ఉండదు. తెలుపు అంటే కాగితం రంగే. గంధపు రంగు కార్డు తీసుకుంటే పెళ్లికొడుకు తెల్లచొక్కా కూడా గంధపు రంగులోనే ఉంటుంది.

కాగితం మాట కూడా వినాలి

ఒకే ఫైలు, ఒకే మెషీను, ఒకే సిరా అయినా కాగితం మారితే రంగు మారుతుంది. నున్నటి ఆర్ట్ పేపరు సిరాను పైనే ఉంచుకుంటుంది, రంగు మెరుస్తుంది. మ్యాప్‌లిథో వంటి పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, రంగు ఆరేకొద్దీ మందగిస్తుంది. దినపత్రికల కాగితం మరీ పీల్చుతుంది. డిజైనులో 50 శాతం పెట్టిన చుక్క దాని మీద 75 శాతం దాకా పెద్దదై కనిపిస్తుంది. అందుకే అలాంటి కాగితానికి ఇచ్చే ఫోటోలను ముందే కాస్త లేతగా చేసి ఇవ్వాలి. లేకపోతే మొహాలు నల్లబడతాయి.

అచ్చు మీద వేసే లామినేషన్ కూడా రంగును మారుస్తుంది. మెరుపు లామినేషన్ రంగులను ముదురుగా చూపిస్తుంది. మెరుపు లేనిది కొద్దిగా అణచివేస్తుంది. కార్డు ఏ కాగితం, ఎన్ని జి.ఎస్.ఎం., లామినేషన్ ఏది అన్నవి తేలాకే రంగులు ఖాయం చేయాలి. ముందు రంగు, తరువాత కాగితం అనుకోవడం కొలతలు తీయకుండా జాకెట్టు కుట్టించినట్టే.

ఫోటోల సంగతి

వాట్సాప్‌లో ఫోటో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది. ఫోనులో బాగానే కనిపిస్తుంది, అచ్చులో మొహం మసకబారుతుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే అయిదు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల పొడవున్న కార్డు నిండా ఫోటో వేయాలంటే అడ్డంగా 1500, నిలువుగా 2100 చుక్కలు ఉండాలి. వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంటు’గా పంపితే ఫోటో కుదించుకుపోకుండా వెళుతుంది.

ఫ్లెక్సీలకు ఇంత అవసరం లేదు. వాటిని దూరం నుంచి చూస్తారు గనుక అసలు సైజులో అంగుళానికి 72 నుంచి 100 చుక్కలు ఉంటే సరిపోతుంది. అయితే ఫ్లెక్సీ మెషీను సిరాలు, ఆఫ్‌సెట్ సిరాలు ఒకటి కావు. శుభలేఖలో వచ్చిన రంగే గుమ్మం ముందు ఫ్లెక్సీలోనూ రావాలంటే రాదు. ఫ్లెక్సీ సెంటరులో అదే మెషీను మీద జానెడు ముక్క వేయించి చూసుకోవడం మంచిది.

సంఘాల లేబుళ్లకు మరింత జాగ్రత్త

శుభలేఖ ఒక్కసారి పని. లేబులు అలా కాదు. పచ్చళ్లు, పొడులు, పసుపు, తేనె పొట్లాలు కట్టి అమ్ముకునే మహిళా సంఘాలకు లేబులు రంగే గుర్తు. అక్షరం రాని ముసలమ్మ కూడా ‘ఆ ఎర్ర చీటీ సీసా ఇవ్వయ్యా’ అని దుకాణంలో అడిగి కొంటుంది. మొదటి విడత లేబులు నిండు ఎరుపులో ఉండి, రెండో విడత నారింజలోకి వస్తే ఇది పాత సరుకో, నకిలీ సరుకో అన్న అనుమానం వస్తుంది. సరుకు బాగున్నా బేరం దెబ్బతింటుంది.

విడతకూ విడతకూ రంగు మారడానికి మరో కారణం ఉంది. ధర తక్కువ పడేందుకు ప్రెస్సులు పదిమంది పనులను ఒకే పెద్ద షీటు మీద పేర్చి అచ్చు వేస్తాయి. పక్కవారి పనికి ఎరుపు పెంచితే అదే వరసలో ఉన్న మన లేబులుకూ ఎరుపు పెరుగుతుంది. ఒక్కరి కోసం మెషీను రంగును సర్దడం అక్కడ కుదరదు. చౌకలో ఉన్న మెలిక అది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, బాగా వచ్చిన విడతలోని లేబులు ఒకటి తీసి, వెనుక తేదీ వేసి, ఎండ తగలకుండా దాచుకోవాలి. ప్రతిసారీ ప్రెస్సుకు ఫైలుతో పాటు ఆ నమూనా ఇచ్చి ‘దీనికి కలపండి’ అని చెప్పాలి. రెండోది, ముఖ్యమైన ఒక్క రంగును నాలుగు సిరాల మిశ్రమంతో కాకుండా ముందే కలిపి ఉంచిన ప్రత్యేక సిరాతో వేయించడం. ఇలాంటి రంగులకు నంబర్లు వేసి పట్టిక తయారు చేసిన పద్ధతుల్లో పేరున్నది పాంటోన్. అది 1963లో అమెరికాలో వచ్చింది. ఆ నంబరు చెబితే శివకాశిలోనైనా, హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా ప్రెస్సువారు అదే సిరా కలుపుతారు. అయితే దీనికి అదనంగా ఒక ప్లేటు, ఒక సిరా ఖర్చు పడుతుంది. వేలల్లో లేబుళ్లు వేయించేవారికి గిట్టుబాటు అవుతుంది గాని, వందల్లో వేయించేవారికి కాదు.

తెరను నమ్మవచ్చా?

ఒకే డిజైనును నాలుగు ఫోన్లలో చూస్తే నాలుగు రంగుల్లో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లు రంగులను కావాలనే ఎక్కువ చేసి చూపిస్తాయి. రాత్రిపూట కంటికి హాయిగా ఉండే ఏర్పాటు పెట్టుకుంటే తెరంతా పసుపు కలిసినట్టు ఉంటుంది. వెలుతురు పూర్తిగా పెంచిన తెర మీద ఏ రంగయినా కాగితం కన్నా అందంగానే ఉంటుంది. పెళ్లికూతురి మేనమామ ఒక ఫోనులో, పెళ్లికొడుకు బాబాయి మరో ఫోనులో చూసి ‘ఓకే’ అంటే ఇద్దరూ ఓకే అన్నది ఒకే రంగుకు కాదు.

డి.టి.పి. సెంటర్లలోని కంప్యూటరు తెరలను రంగు కొలిచే పరికరంతో సరిచేసుకోవచ్చు. ఆ పరికరం లేని చోట తక్కువ ఖర్చులో ఒక ఉపాయం ఉంది. తరచూ పని ఇచ్చే ప్రెస్సులోనే, తరచూ వాడే కాగితం మీదనే, ముఖ్యమైన రంగులన్నీ శాతాల అంకెలతో సహా ఒక పట్టికగా అచ్చు వేయించి గోడకు దగ్గరలో ఉంచుకోవాలి. గిరాకీ వచ్చినప్పుడు తెర చూపించకుండా ఆ పట్టిక చూపించి, వేలు పెట్టి రంగు ఎంచుకోమనాలి. చీరల కొట్టులో చీర కొంగు ఎండలోకి తెచ్చి చూసుకునే అలవాటు మన ఆడవాళ్లకు ఉన్నదే. అచ్చు రంగును కూడా అలాగే చూసుకోవాలి.

అయితే నడి ఎండలోనూ కాదు, పచ్చటి బల్బు కిందా కాదు. అచ్చు రంగాన్ని పరీక్షించడానికి ఆ వృత్తిలో 5000 కెల్విన్ అనే ప్రమాణంలో ఉన్న తెల్లని దీపం వాడతారు. అది లేని చోట పగటి వేళ వరండా నీడలో, ఎండ నేరుగా పడని చోట చూస్తే సరిపోతుంది.

ప్రూఫు మీద సంతకం

ఇన్ని జాగ్రత్తల్లోనూ ముఖ్యమైనది ఒక్కటే - కాగితం మీద ప్రూఫు. అచ్చుకు ఇచ్చేముందు ఒక్క కాపీ కాగితం మీద తీయించి, పేర్లు, తేదీలు, రంగులు చూసుకుని, దాని మీద సంతకం, తేదీ వేయాలి. ఒక కాపీ మన దగ్గర, ఒకటి ప్రెస్సు దగ్గర ఉండాలి. పొలం కాగితాల మీద సంతకం లేనిదే అడ్వాన్సు ఇవ్వని రైతు, వేల రూపాయల అచ్చు పనికి మాత్రం ఫోనులో బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకోవడం సరికాదు.

ప్రూఫు ఏ మెషీను మీద తీశారో కూడా అడగాలి. పట్నంలోని డిజిటల్ మెషీను మీద తీసిన ప్రూఫు పొడి సిరాతో వస్తుంది. ఆఫ్‌సెట్‌లో రంగు దానికి కొద్దిగా తేడాగా ఉంటుంది. ఆ తేడా ఎంత ఉండవచ్చో ప్రెస్సువారు ముందే చెప్పాలి. అది చెప్పడం వారి బాధ్యత, అడగడం మన హక్కు. ప్రూఫుకు అయ్యే ఖర్చు మొత్తం పనిలో చిన్న భాగమే. మళ్లీ అచ్చు వేయించాల్సి వస్తే మొత్తం ఖర్చూ రెండింతలే.

అచ్చుకు ఇచ్చేముందు ఇవి చూసుకోండి

1. కాగితం రకం, మందం, లామినేషన్ ముందుగా ఖాయం చేసుకోవాలి.

2. ఫైలు సి.ఎం.వై.కె.లో ఉందా అని అడగాలి. మార్చాక రంగులు మళ్లీ ఒకసారి చూడాలి.

3. చిన్న అక్షరాలు నలుపు ఒక్క సిరాలోనే ఉండాలి.

4. తెలుగు అక్షరాలను ‘కర్వ్స్’గా మార్చి పి.డి.ఎఫ్. ఇవ్వాలి. లేకపోతే ఆ ఫాంటు లేని చోట అక్షరాలు చెదిరిపోతాయి.

5. ఫోటోలు అంగుళానికి 300 చుక్కలు ఉండాలి.

6. బంగారు, వెండి రంగులకు విడిగా ధర అడగాలి.

7. నమూనా కార్డు గాని, రంగుల పట్టిక గాని చూపించి అంకెల్లో రంగు రాయించాలి.

8. ప్రూఫు పగటి వెలుతురులో చూసి సంతకం చేశాకే అచ్చు వేయమనాలి. ముహూర్తానికి చాలా ముందే పని మొదలుపెట్టాలి.

డి.టి.పి. సెంటర్లు నడుపుకునేది మన ఊళ్ల కుర్రాళ్లే. ఒక్క పని చెడితే నెల సంపాదన పోతుంది. చేయించుకునే వారిదీ చెమటోడ్చిన సొమ్మే. సెంటర్లవారు ప్రూఫు లేనిదే పని తీసుకోబోమని గోడ మీద రాసి పెట్టుకుంటే, గిరాకీలు ప్రూఫు చూడనిదే అచ్చుకు ఒప్పుకోకుండా ఉంటే ఇద్దరికీ మేలు.